సంతకం ఒకరిది, చెయ్యి ఒకరిది

టెస్టరక్కని మనం పోయిన వారం లాండ్రీ వెనకగదిలో వదిలేసి వచ్చాం. చేతిలో స్విచ్‌బోర్డు మూత, పళ్ళ మధ్య స్క్రూలు, ఎదురుగా గోడలో తెగి వేలాడుతున్న పచ్చ వైరు.

అది ఎర్త్ వైరు. బట్టలుతికే మెషీన్లో కరెంటు దారితప్పి దాని ఇనప ఒంటికి పాకితే, మనిషిని పట్టుకోకుండా నేలలోకి లాక్కుపోవలసిన వైరు. అది ఉన్నంతకాలం మెషీన్‌కి ఏ జబ్బు చేసినా మెయిన్ స్విచ్ టక్కున పడిపోయి కరెంటు ఆగిపోతుంది. మాటిమాటికీ మెయిన్ పడిపోయి పని ఆగిపోతోందని ఎవరో దాన్ని కత్తిరించేశారు. నొప్పి అని అరుస్తున్నవాడి నోరు నొక్కేసి, జబ్బు నయమైందన్నట్టు. మెయిన్ పడటం మానేసింది. ఆ తర్వాత ఒకరోజు అక్కడ పనిచేసే అమ్మాయి తడికాళ్ళతో వచ్చి మెషీన్ తలుపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మళ్ళీ తియ్యలేదు.

వైరింగంతా సవ్యంగా ఉంది, నా కళ్ళెదుటే జరిగింది అని రాసి సంతకం పెట్టినవాడు ఒక కాంట్రాక్టరు. ఊళ్ళో ఆయన్ని 'పెద్దసంతకం' అంటారు. లైసెన్సు ఆయనది, గోడలు తవ్వేదీ వైర్లు లాగేదీ ఎవరెవరో. ఆ లాండ్రీ గుమ్మం తొక్కిన పాపాన కూడా ఆయన పోలేదు. అలాంటి సమయంలో ప్రభుత్వం ఎలక్ట్రీషియన్ల లైసెన్సు నిబంధనలు మారుస్తానంది. సంతకం పెట్టేవాడు పని జరిగినచోటికి రానక్కర్లేదు, ఫోటోలు చూసి సంతకం పెడితే చాలునట. దొంగకి తాళంచెవులిచ్చి, ఇంటికి కాపలా కూడా నువ్వే ఉండు నాయనా అన్నట్టు. మార్చేముందు జనం మాట వినాలి కాబట్టి టౌన్‌హాల్లో బహిరంగ విచారణ పెట్టారు. అక్కడ నోరు విప్పుతానని టెస్టరక్క చనిపోయిన పిల్ల తల్లికి మాటిచ్చింది.

ఇచ్చిన రోజు ఆ మాట తేలిగ్గానే ఉంది. ఇవాళ పొద్దున లేచేసరికి అది గుండెల మీద రోకలిబండై కూర్చుంది.

"పోనీ రేపు చెప్పకూడదా?" అన్నాడు భర్త, ఆవిడ చొక్కాకి ఊడిన గుండీ కుడుతూ. ఆయన దర్జీ. ఏ భయమొచ్చినా ఏదో ఒకటి కుట్టుకుంటూ కూర్చుంటాడు.

"రేపు విచారణ ఉండదు."

"అందుకే రేపు అంటున్నాను."

నవ్వొచ్చింది ఆవిడకి. నవ్వుతూనే చొక్కా తొడుక్కుని, జేబులో టెస్టరు పెట్టుకుంది. జనం జేబుకి పెన్ను తగిలించుకున్నట్టు ఆవిడ టెస్టరు తగిలించుకుంటుంది. పెళ్ళికెళ్ళినా అంతే, చావుకెళ్ళినా అంతే. ఊళ్ళో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్లలో ఆడమనిషి ఆవిడొక్కతే. అసలు పేరు ఏనాడో మరుగునపడి టెస్టరక్క అన్నదే స్థిరపడిపోయింది.

గుమ్మం దాటుతూ తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేసింది. నిన్న సాయంత్రం నుంచీ అంతే. మోగటమే లేదు.

తెగిన వైరు సంగతి ఆవిడ ఇద్దరికే చెప్పింది. ఒకరు ఆ పిల్ల తల్లి. చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది కూడా. రెండోవాడు తమ్ముడు. వాడు పెద్దసంతకం దగ్గరే పనిచేస్తాడు. లైసెన్సు లేదు. విన్నాక వాడి మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. "ఎవరికీ చెప్పకక్కా" అన్నాడు. ఎందుకురా అంటే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

* * *

టౌన్‌హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద పొడుగాటి బల్ల, దాని మధ్యలో కమిటీ అధ్యక్షురాలు. నెరిసిన జుట్టు, గొలుసుకి వేలాడే కళ్ళజోడు. మాట్లాడేవాళ్ళు దారితప్పితే పెన్నుతో బల్ల మీద చిన్నగా కొడుతుంది. అంతకంటే గట్టిగా ఎవర్నీ ఏమీ అనదు.

ఆ పిల్ల తల్లి ముందు వరసలో టెస్టరక్క కోసం చోటు ఆపి ఉంచింది. ముసలావిడ. మోకాళ్ళ మీద కూతురి ఫోటో బోర్లించి పెట్టుకుంది. టెస్టరక్క కూర్చోగానే ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. విరామం దాకా వదల్లేదు.

"నేను మాట్లాడలేనమ్మా. ఏడుపొచ్చేస్తుంది. నా బదులు నీ నోరు" అంది.

"సరే పెద్దమ్మా."

అప్పుడు మైకు దగ్గర నిచ్చెన మేస్త్రి ఉన్నాడు. ఎక్కడికెళ్ళినా నిచ్చెన భుజానేసుకునే వెళ్ళే మనిషి. ఇక్కడ గుమ్మం దగ్గర గార్డు ఆపేస్తే, నిచ్చెన బయట ఉండిపోయిందని మనసంతా అటే పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

"లైసెన్సు లేకుండా పనిచేస్తున్నారని మమ్మల్ని అందరూ తిడతారమ్మగారూ. లైసెన్సు పరీక్షకి కూర్చోవాలంటే, ఇతనికి పనిలో అనుభవముందని కాంట్రాక్టరు రాసివ్వాలి. రాసిస్తే మాకు లైసెన్సొస్తుంది. లైసెన్సొస్తే మేం సొంతంగా పనులు చేసుకుంటాం. మేం వెళ్ళిపోతే ఆయన గోడలెవరు తవ్వుతారు? అందుకని రాసివ్వమంటే రేపు రా అంటారు. ఆ రేపు నేను పెళ్ళికాకముందు మొదలైంది. ఇప్పుడు నాకు మనవలు."

హాలంతా నవ్వింది.

"ఎవరలా అన్నారో చెప్పగలరా?" అంది అధ్యక్షురాలు.

నిచ్చెన మేస్త్రి వెనక వరసల వైపు ఒకసారి చూశాడు. నవ్వు ఎండిపోయింది. "చెప్పలేనమ్మగారూ. నాకు రేపు కూడా పని కావాలి" అని మైకు వదిలేసి నిచ్చెన దగ్గరికి వెళ్ళిపోయాడు.

టెస్టరక్క వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండానే తెలుస్తోంది, ఎవరున్నారో. తలుపులేసిన గదిలో వైరు కాలుతుంటే వాసన ముందు తెలిసినట్టు.

అధ్యక్షురాలు టీ విరామం ప్రకటించింది. "తర్వాత మీరే" అంది, టెస్టరక్క వైపు కళ్ళజోడులోంచి చూస్తూ.

* * *

వరండా చివర మీటర్లగది, దాని పక్కన మంచినీళ్ళ డ్రమ్ము. మిగతా జనం టీ కోసం అటువైపు పోయారు. నోట్లో తడి ఆరిపోయి టెస్టరక్క ఇటు వచ్చింది. గ్లాసు ముంచి గబగబా ఎత్తింది.

"నెమ్మదిగా తాగు తల్లీ. పొలమారుతుంది."

పొట్టిగా, సన్నగా ఉంటాడు పెద్దసంతకం. గొంతు మెత్తన. కోపమొస్తే ఇంకా మెత్తబడుతుంది. ఆయన అరిస్తే బతికిపోయినట్టు, బుజ్జగిస్తే చచ్చినట్టు అని ఆయన పనివాళ్ళు చెప్పుకుంటారు.

"మీ నాన్న దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. ఆ లెక్కన మనం ఒక ఇంటివాళ్ళం. ఇంట్లో మాట ఇంట్లోనే అయిపోవాలని వచ్చాను."

"నేను చెప్పేది ఇంటి మాట కాదు బాబాయ్."

చిన్నప్పటి పిలుపు నోటికి వచ్చేసింది. వచ్చాక నాలిక కరుచుకుంది.

ఆయన జేబులోంచి ఏదో తీసి అరచెయ్యి తెరిచాడు. వేలెడు పొడవున్న ఎర్ర వైరు ముక్క. మధ్యలో టేపు ఊడదీసిన జాయింటు.

"ఇదేమిటో చెప్పు."

టెస్టరక్క చూసింది. చూసి, చూడనట్టు కళ్ళు పక్కకి తిప్పుకుంది.

వైర్లు కలిపేటప్పుడు లోకమంతా ఒకే వైపు చుట్టి టేపు వేస్తుంది. వాళ్ళ నాన్న మాత్రం ముందు ఒక మెలిక వెనక్కి వేసి, దాని మీదనుంచి ముందుకి చుట్టేవాడు. లాగితే ఊడదు, ఇంకా బిగుసుకుంటుంది. నాన్న ఆ మెలిక కూతురికి నేర్పాడు. నాన్న పోయాక కూతురు తమ్ముడికి నేర్పింది. మసక వెలుతురులో వాడి వేళ్ళు తన వేళ్ళ మధ్య పెట్టుకుని, వెనక్కి, ఇప్పుడు ముందుకి, అని.

"లాండ్రీ బోర్డులోంచి తీయించాను" అన్నాడు పెద్దసంతకం. "అందరికంటే ముందు. మీ నాన్న పోయాక ఈ మెలిక వెయ్యగల చేతులు ఈ ఊళ్ళో రెండు జతలే మిగిలాయి. నాకు రాలేదు. ఎంత తంటాలు పడ్డా నా వేళ్ళకి పట్టుబడలేదు."

ఆ రోజు లాండ్రీ వెనకగదిలో మూత తీసినప్పుడు మిగిలిన జాయింట్లలో ఈ మెలికలు కనపడలేదా? కనపడ్డాయి. పచ్చ వైరు పక్కనే ఉన్నాయి. కళ్ళు చూశాయి, మనసు ఒప్పుకోలేదు. పచ్చ వైరు ఒక్కటే పట్టుకుని బయటికి వచ్చేసింది.

"తమ్ముడా?" అంది.

"నేనేం అనలేదు. నువ్వే అన్నావు."

"వాడు వైరింగ్ చేసుంటాడు. ఎర్త్ వైరు మాత్రం వాడు కత్తిరించడు. చచ్చినా కత్తిరించడు."

"కత్తిరించినవాడెవడో పైవాడికి తెలియాలి. తెగిన వైరు నోరు విప్పదు. జాయింటు విప్పుతుంది." వైరు ముక్క మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "లోపలికెళ్ళి 'సంతకం పెట్టినవాడు పని చెయ్యలేదు' అంటావు. ఆ అధ్యక్షురాలు ఏమడుగుతుంది? మరి చేసిందెవరు అంటుంది. అప్పుడేం చెబుతావు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. టెస్టరక్క గోడకి ఆనుకుంది. గోడ అవతల మీటర్లు సన్నగా రొద చేస్తున్నాయి.

"నన్ను పొగడమనడం లేదు తల్లీ. కొత్త నిబంధన బాగుందని కూడా అనక్కర్లేదు. తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికెళ్ళిపో. వాడి అనుభవ పత్రం నేను రాసిస్తాను. నీ మరదలికి నెలలు నిండుతున్నాయి కదా. పుట్టేవాడికి లైసెన్సున్న తండ్రి ఉంటాడు."

"వెళ్ళకపోతే?"

ఆయన నీళ్ళ డ్రమ్ము మీద మూత సరిచేశాడు. ఒకరింట్లో వస్తువు సర్దినంత శ్రద్ధగా.

"వాడు ఎక్కడున్నాడో తెలుసా?"

ఆవిడ చెయ్యి జేబులో ఫోన్ మీదికి పోయింది.

"ఐస్ ఫ్యాక్టరీలో పాత కరెంటు ప్యానెల్ విప్పుతున్నాడు. చేతులు రెండూ అందులోనే ఉంటాయి. కింద మెయిన్ దగ్గర మా డ్రైవర్ని నిలబెట్టాను. డ్రైవరుకి కరెంటు సంగతులేం తెలుసు పాపం. ఆపమంటే ఆపుతాడు, వెయ్యమంటే వేస్తాడు."

"బాబాయ్!"

"ఉన్నమాట చెప్పాను తల్లీ. ఎండలో వచ్చావు, మొహం కడుక్కో." అని, వచ్చినంత మెల్లగా వెళ్ళిపోయాడు.

* * *

తమ్ముడి నంబరు నొక్కింది. ఫోన్ ఆపేసి ఉంది. మరదలి నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. వేళ్ళు చెమటతో జారుతుంటే చొక్కాకి తుడుచుకుని భర్తకి చేసింది.

"ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళు. ఇప్పుడే. పరిగెత్తు."

"ఏమైంది?"

"తమ్ముడు ప్యానెల్లో చెయ్యి పెట్టి ఉంటాడు. వాణ్ణి ముట్టుకోకు, దగ్గరికి కూడా పోకు, దూరం నుంచి పిలువు. బయటికి రమ్మను. కింద మెయిన్ దగ్గర ఒకడుంటాడు. వాడి చెయ్యి మెయిన్ మీద పడకుండా చూడు."

"నేనా?" అన్నాడు దర్జీ. తర్వాత కుర్చీ వెనక్కి పడిన చప్పుడు వినపడింది. కత్తెర నేలమీద పడిన చప్పుడు. "వెళ్తున్నా" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన కారణం అడక్కుండా కదిలింది అప్పుడే.

గంట కొట్టారు. జనం లోపలికి పోతున్నారు. టెస్టరక్కకి వరండా మెట్లు కనపడుతున్నాయి, మెట్ల కింద వీధి. తలనొప్పిగా ఉంది అంటే చాలు. అబద్ధం కూడా కాదు, తల పగిలిపోతోంది.

పెద్దమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "ఇక్కడున్నావా తల్లీ. నువ్వు వెళ్ళిపోయావేమోనని ప్రాణం కొట్టుకుపోయింది. పద" అని మోచెయ్యి పట్టుకుంది.

ఆ పట్టులో బలమేమీ లేదు. విడిపించుకోవాలంటే విదిలిస్తే చాలు. టెస్టరక్క విదిలించలేకపోయింది. భయం పోయిందనుకునేరు, ఏమీ పోలేదు. ఆవిడతో పాటే భయం కూడా లోపలికి నడిచింది.

మైకు ముట్టుకునే ముందు అలవాటు చొప్పున చెయ్యి తిరగేసి వెనకవైపుతో తాకి చూసింది. కరెంటు తగిలితే అరచెయ్యి పట్టుకుపోతుంది, చేతి వెనకవైపు అయితే విదిలించుకుని వస్తుంది. నాలుగో వరస చివర పెద్దసంతకం కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఫోన్. దాని మీద బొటనవేలు ఊరికే ఆడుతోంది.

"మీరు ఎలక్ట్రీషియనా?" అంది అధ్యక్షురాలు.

"అవునండి. లైసెన్సుంది."

"చెప్పండి."

మైకులో ఆవిడ ఊపిరే హాలంతా వినపడింది. మోచెయ్యి వదలకుండా పక్కనే నిలబడ్డ పెద్దమ్మ, రెండో చేత్తో ఫోటోని ఈసారి బోర్లించకుండా అందరికీ కనపడేలా గుండెకి ఆనించుకుంది. నవ్వుతున్న పిల్ల.

"ఫోటో చూసి సంతకం పెడితే చాలని రాశారండి ఇందులో" అంది టెస్టరక్క ఎట్టకేలకి. "ఫోటోలో అన్ని వైర్లూ బాగానే ఉంటాయి. తెగిన వైరు గోడ లోపల ఉంటుంది. గోడ దగ్గర నిలబడి, మూత విప్పి, చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది. లాండ్రీలో ఈ పెద్దమ్మ కూతురు పోయింది. అక్కడ సంతకం పెట్టినాయన ఆ గోడ చూడలేదు. ఇప్పుడున్న నిబంధన ప్రకారం అది తప్పు. రేపు మీరు మార్చాక అదే రైటవుతుంది."

హాల్లో కదలిక. ఫోన్ మీద బొటనవేలు ఆగింది.

"సంతకం ఒకరిది, చెయ్యి ఒకరిది అయితే ఏమవుతుందో తెలుసాండి? ప్రాణం పోయాక, ఆ చెయ్యి నాది కాదంటుంది సంతకం. ఆ సంతకం నాది కాదంటుంది చెయ్యి. పోయిన ప్రాణం ఎవరిదో మాత్రం అందరికీ తెలుస్తుంది."

అధ్యక్షురాలు పెన్ను కింద పెట్టింది. "మీరు చాలా పెద్ద ఆరోపణ చేస్తున్నారు. సంతకం పెట్టిన వ్యక్తి పని జరిగినచోట లేరంటే, పని చేసిన వ్యక్తి వచ్చి చెప్పాలి. అప్పుడే దానికి విలువ. ఆ వైరింగ్ ఎవరు చేశారో మీకు తెలుసా?"

తెలుసు అంటే ఒక బాధ, తెలియదు అంటే ఇంకో బాధ. మింగలేదు, కక్కలేదు.

జేబులో ఫోన్ వణికింది. అందరూ చూస్తున్నారని కూడా మరిచిపోయి బయటికి తీసింది. భర్త పంపిన మెసేజ్: "ఫ్యాక్టరీ గేటుకి తాళం ఉంది. లోపల చీకటి. ఎంత పిలిచినా ఎవరూ పలకటం లేదు."

అక్షరాలు అలుక్కుపోయాయి. తాళం వేసి ఉంటే వాడెక్కడ? లోపల ఉంటే ఎందుకు పలకడు? పలకలేని స్థితిలో ఉన్నాడా? మాట్లాడాక వేశారా మెయిన్, మాట్లాడకముందే వేసేశారా? నాలుగో వరస వైపు చూసింది. పెద్దసంతకం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. పెదాలు కదిలాయి. ఏమన్నాడో వినపడలేదు. చిన్న మాటే.

"అమ్మా, మిమ్మల్నే. ఎవరు చేశారో తెలుసా?"

"తెలుసండి." కన్నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. తుడుచుకునే స్పృహ లేదు. "పేరు మాత్రం ఈ మైకులో చెప్పను. ఆ మనిషి చెడ్డవాడు కాదు. అనుభవ పత్రం కోసం ఏళ్ళ తరబడి ఒకరి గుమ్మంలో పడి ఉన్నవాడు. నాకు కొంచెం వ్యవధి ఇవ్వండి. ప్రాణాలతో ఉంటే నేనే వెతికి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మీ ముందు నిలబెడతాను."

'ప్రాణాలతో ఉంటే' అన్న మాటకి హాల్లో తలలన్నీ మైకు వైపు తిరిగాయి.

అప్పుడు పెద్దసంతకం లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, వినయంగా.

"ఈ అమ్మాయికి అంత శ్రమ అక్కర్లేదు మేడమ్. ఆ అబ్బాయి సంగతి నాకూ తెలుసు. నిజం చెప్పాలని తనే నా దగ్గరికి వచ్చాడు. విచారణ మొదలైనప్పటి నుంచీ బయట నా కారులోనే కూర్చుని ఉన్నాడు."

పక్క తలుపు తెరుచుకుంది.

తమ్ముడు.

బతికే ఉన్నాడు. రెండు చేతులూ రెండు కాళ్ళతో, నడిచి వస్తున్నాడు. టెస్టరక్క మైకు స్టాండు పట్టుకుని నిలదొక్కుకుంది. "వచ్చావురా నాయనా" అనేసింది, మైకు ఉందన్న ధ్యాస లేకుండా. ఆ మాట హాలంతా పెద్దగా మోగింది.

తమ్ముడు తల ఎత్తలేదు. ఒంటి మీద తెల్లచొక్కా, అట్టపెట్టెలోంచి తీసిన మడతలు ఇంకా పోలేదు. అది వాడి చొక్కా కాదు. నున్నగా తల దువ్వి ఉంది. తడినేల మీద నడిచేవాడిలా ఒక్కొక్క అడుగూ చూసుకుని వేస్తున్నాడు. వాడి వెనక తెరిచి ఉన్న తలుపులోంచి కారు కనపడుతోంది. వెనక సీట్లో మరదలు. నిండుపొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, తల వంచుకుని ఉంది. కారు తలుపుకి ఆనుకుని డ్రైవరు నిలబడి ఉన్నాడు.

అప్పుడు అర్థమైంది టెస్టరక్కకి. ఐస్ ఫ్యాక్టరీలో ప్యానెల్ లేదు, మెయిన్ లేదు. డ్రైవరు మాత్రం నిజమే.

"బాబూ," అంది అధ్యక్షురాలు, "లాండ్రీలో వైరింగ్ గురించి నీకు తెలిసింది చెప్పు. భయపడకు."

తమ్ముడు రెండో మైకు ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. బడిలో అప్పజెప్పే పాఠంలా, ఎక్కడా ఆగకుండా చెప్పాడు.

"ఆ వైరింగ్ నేను చెయ్యలేదండి. కాంట్రాక్టరుగారు నాకు అప్పజెప్పారు, నాకు ఒంట్లో బాగోలేక మా అక్కని పంపించాను. లైసెన్సుంది కదా అని. అంతా ఆవిడే చేసింది. మెయిన్ పడిపోతోందని లాండ్రీ వాళ్ళు కబురుపెడితే మళ్ళీ వెళ్ళింది కూడా ఆవిడే."

పుట్టి బుద్ధెరిగాక వాడు అక్కని 'ఆవిడ' అనడం అదే మొదటిసారి.

"ఒరేయ్" అంది టెస్టరక్క. వాడు ఒక్కసారి ఇటు చూస్తే చాలనిపించింది. చూడలేదు. చెవుల వెనక నుంచి చెమట ఆ కొత్త కాలరులోకి దిగుతోంది.

పెద్దసంతకం నెమ్మదిగా వేదిక దగ్గరికి నడిచి, జేబులోంచి ఎర్ర వైరు ముక్క తీసి అధ్యక్షురాలి ముందు పెట్టాడు. "ఆ బోర్డులోది మేడమ్. ఈ మెలిక ఎవరిదో ఈ హాల్లో పనివాళ్ళెవరినైనా అడగండి. వాళ్ళ నాన్నది. ఆయన నేర్పింది ఈ అమ్మాయికే."

"అవును, అది టెస్టరక్క జాయింటే" అన్నారెవరో వెనక నుంచి. పాపం, మెచ్చుకోలుగానే అన్నారు.

గొంతులన్నీ ఒక్కసారిగా లేచాయి. అధ్యక్షురాలు పెన్నుతో బల్ల మీద కొడుతోంది, ఎవరికీ వినపడటం లేదు. టెస్టరక్క చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఏం చెప్పాలి? వాడు అబద్ధమాడుతున్నాడు అంటే, ఆ జాయింటు వాడిదవుతుంది. కారు దగ్గర డ్రైవరు చేతులు కట్టుకుని లోపలికే చూస్తున్నాడు.

మోచేతి మీద పట్టు సడలింది. ముందు ఒక వేలు, తర్వాత మిగతావి. తిరిగి చూసేసరికి పెద్దమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, కూతురి ఫోటోని రెండు చేతులతో దగ్గరికి లాక్కుని నిలబడి ఉంది. కోపం లేదు ఆ మొహంలో. ఏదో కొత్త లెక్క అర్థం చేసుకోవాలని ప్రయత్నిస్తున్న మొహం.

"అమ్మాయ్," అంది మెల్లగా, "పోలీసులకి కనపడలేదు. లాండ్రీ వాళ్ళకి కనపడలేదు. నువ్వు మాత్రం నన్ను తిన్నగా ఆ గోడ దగ్గరికే తీసుకెళ్ళావు. ఆ తెగిన వైరు ఎక్కడుందో నీకెలా తెలిసింది?"